టిప్పు ఉంటే ఉండనీండి, టిప్పుని జీతంలో లెక్కేసుకునే చట్టం పోవాలి

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర ఒక రెస్టారెంట్లో సర్వర్‌గా చేరారు. రెండు వారాల్లో 60 గంటలు పనిచేస్తే చెక్కు 49 డాలర్లు వచ్చింది. టిప్పులు మాత్రం 900 దాకా వచ్చాయి. అది చూసి మీవారు "ఈ టిప్పుల గోలెందుకు, సరైన జీతం ఇచ్చి టిప్పులు ఎత్తేయొచ్చుగా" అన్నారు. మీతో పనిచేసేవాళ్లేమో టిప్పులు ఎత్తేస్తే ఆ రోజే మానేస్తామంటున్నారు. ఎవరి మాట సబబు?

నేను టెక్సస్‌లో సర్వర్‌గా మొదలుపెట్టి, అక్కడే మేనేజరునై, ఆ తర్వాత వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ వచ్చి కొన్నేళ్లుగా రెస్టారెంట్ నడిపే పనిలోనే ఉన్నాను. ఈ రెండు రాష్ట్రాల్లో చట్టం పూర్తిగా వేరు. రెండు చోట్లా జీతాల లెక్కలు చూసినవాణ్ని కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. టిప్పుని ఎత్తేయక్కర్లేదు. ఎత్తేయాల్సింది 'టిప్ క్రెడిట్' అనే వెసులుబాటుని. కస్టమరు మీ చేతిలో పెట్టిన డబ్బుని ఓనరు తానిచ్చిన జీతంగా చూపించుకోవడానికి చట్టం ఇచ్చిన అనుమతి అది. అది పోయి, సర్వర్‌కీ అందరిలాగే పూర్తి కనీస వేతనం చెక్కులో పడితే, ఆపైన టిప్పు ఇవ్వాలా వద్దా అన్నది కస్టమరు ఇష్టానికి వదిలేయొచ్చు.

ముందు మీ 49 డాలర్ల సంగతి. ఓనరు ఏదో మోసం చేశాడని మీ అనుమానం. లెక్క వేస్తే మోసమేమీ కనబడదు, అసలు బాధ అదే. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జులై నుంచి అంతే. టిప్పులొచ్చే ఉద్యోగికైతే ఓనరు తన జేబులోంచి 2.13 ఇస్తే చాలు. తక్కిన 5.12 మీ టిప్పుల్లోంచి వచ్చినట్టు రాసుకుంటాడు. టెక్సస్ దీనికి సొంతంగా ఒక్క సెంటు కలపలేదు. 60 గంటలకు 2.13 చొప్పున 127.80 డాలర్లు. సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) పన్నులు కలిపి 7.65 శాతం మీ టిప్పుల మీద కూడా కట్టాలి. జీతం, టిప్పులు కలిపి 1027.80 అయితే దాని మీద 78.63. టిప్పుల డబ్బు మీరు ఏ రోజుకారోజు ఇంటికి తీసుకెళ్లిపోయారు కదా, ఆ కోతంతా ఈ 127.80 లోంచే పడింది. మిగిలింది 49.17. మీరు భార్యాభర్తలు ఉమ్మడిగా పన్ను ఫైల్ చేస్తున్నట్టు ఫారంలో రాశారు కాబట్టి ఆదాయపు పన్ను కోత రాలేదు. పెళ్లికానివాళ్లకి అదీ కోసేసరికి చెక్కు ఇంకా చిక్కిపోతుంది. సున్నా చెక్కు అందుకున్న సర్వర్లని నేను చాలామందిని చూశాను. వాళ్లు ఆ కవరు విప్పి కూడా చూడరు.

ఇప్పుడు అదే లెక్కని ఇంకోవైపు నుంచి చూడండి. టిప్పులు గంటకు 15, జీతం 2.13, మొత్తం 17.13. వాషింగ్టన్ రాష్ట్రంలో 2026 కనీస వేతనం కూడా సరిగ్గా 17.13. సియాటిల్ నగరంలో అయితే 21.30. అంటే మీరు డాలస్‌లో టిప్పులన్నీ కలుపుకుని తెచ్చుకున్న మొత్తం ఇక్కడ సర్వర్‌కి మొదటి టిప్పు రాకముందే చెక్కులో పడుతుంది. ఇక్కడ ఇంటి అద్దెలు, ఖర్చులు ఎక్కువే, కాదనను. కానీ ఆ డబ్బు ఎవరి దయమీదా ఆధారపడి లేదు.

ఓనరు వైపు నుంచీ చూద్దాం. గంటకు 5.12 చొప్పున వారానికి 40 గంటలు, ఏడాదంతా పనిచేసే ఒక్క సర్వర్ మీద 10,650 డాలర్ల దాకా మిగులుతుంది. పదిమంది సర్వర్లుంటే లక్ష దాటుతుంది. కస్టమరు తాను అమ్మాయికో అబ్బాయికో కానుక ఇస్తున్నాననుకుంటాడు. అందులో మొదటి 5.12 వెళ్లేది ఓనరు కట్టాల్సిన జీతానికి.

చాలామందికి తెలియని కిటుకులు ఇంకో రెండున్నాయి.

టిప్పులు తక్కువపడి గంటకు 7.25 రాకపోతే తేడా ఓనరే పూరించాలని చట్టం చెప్తుంది. వినడానికి బావుంటుంది. కానీ ఆ లెక్క రోజుకి కాదు, వారానికి. మంగళవారం మధ్యాహ్నం నాలుగు గంటలు నిలబడితే రెండు టేబుళ్లు వచ్చి 9 డాలర్లు టిప్పు వచ్చిందనుకోండి. జీతంతో కలిపి గంటకు 4.38. ఓనరు పూరించనక్కర్లేదు, ఎందుకంటే శనివారం రాత్రి మీకొచ్చిన టిప్పులు ఈ లోటుని సర్దేస్తాయి. శనివారం మీరు పరుగులు పెట్టి సంపాదించింది మంగళవారం ఓనరు కట్టాల్సిన జీతానికి జమ అవుతుందన్నమాట. మంగళవారం గిరాకీ లేకపోవడం వ్యాపారంలో నష్టం. ఆ నష్టం వ్యాపారిది కావాలి.

రెండోది సైడ్ వర్క్. రాత్రి పదికి తలుపు వేశాక మీరేం చేస్తారో నాకు తెలుసు. కడిగిన ఫోర్కులు, కత్తులు వేడివేడిగా బుట్టలో వస్తాయి. వాటి మీది నీటి మరకలు తుడిచి, న్యాప్‌కిన్‌లో చుట్టి, కాగితం పట్టీ అంటించి, మర్నాటికి రెండు వందల చుట్టలు సిద్ధం చేయాలి. చింతపండు చట్నీ, పుదీనా చట్నీ సీసాలు నింపాలి, మూతల చుట్టూ గడ్డకట్టింది గీకాలి, బఫే గిన్నెల కింద నీళ్లు పారబోయాలి, మెనూ కార్డుల మీద నూనె వేలిముద్రలు తుడవాలి. హాల్లో ఒక్క కస్టమరు లేడు, టిప్పు వచ్చే దారే లేదు. ఆ గంటకీ మీ రేటు 2.13. ఇలాంటి పని వారంలో ఐదోవంతు సమయం దాటినా, ఒకేసారి అరగంట దాటినా ఆపై సమయానికి పూర్తి వేతనం ఇవ్వాలని కార్మిక శాఖ 2021లో నిబంధన తెచ్చింది. 2024 ఆగస్టులో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. టెక్సస్ ఆ కోర్టు పరిధిలోదే.

ఇదంతా ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి. అంతర్యుద్ధం తర్వాత అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్లని హోటళ్లు, రైళ్లు పనిలోకి తీసుకున్నాయి గానీ జీతం ఇవ్వడానికి చేతులు రాలేదు. 1867లో మొదలైన పుల్‌మన్ కంపెనీ రైళ్లలో పడుకునే బోగీలు నడిపేది. వాటిల్లో ప్రయాణికులకి సేవలు చేసే పోర్టర్లకి నామమాత్రం జీతమిచ్చి మిగతాది ప్రయాణికుల దగ్గర తెచ్చుకోమనేది. ఆ పోర్టర్లు 1925లో సంఘం పెట్టుకుని, పన్నెండేళ్లు కొట్లాడి, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. వాళ్లు అడిగింది టిప్పులు పెంచమని కాదు. జీతం పెంచండి, పనిగంటలు తగ్గించండి అని. మరుసటి ఏడాదే, 1938లో, దేశానికి మొదటి కనీస వేతన చట్టం వచ్చింది. రెస్టారెంట్లు, హోటళ్లు అందులో లేవు. 1966 సవరణలో చేర్చారు గానీ, చేర్చేటప్పుడే ఈ టిప్ క్రెడిట్ అనే మెలిక కూడా పెట్టారు.

2.13 ఎక్కడిదంటారా? 1991లో కనీస వేతనం 4.25, అందులో సగం అది. అప్పటిదాకా కనీస వేతనం పెరిగితే ఇదీ దానితోపాటు కదిలేది. 1996లో కనీస వేతనం పెంచుతూ ఆ లంకె తెంపేశారు. టిప్పు ఉద్యోగుల అంకెని అక్కడే మేకు కొట్టి వదిలేశారు. ముప్పై ఏళ్లు దాటినా అది అక్కడే ఉంది. ఆ అంకె పుట్టిన ఏడాది పుట్టినవాళ్ల పిల్లలు ఇవాళ బడికెళ్తున్నారు.

"టిప్పుంటేనే సర్వీసు బాగుంటుంది" అనే వాదన మీకు రోజూ వినపడుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లిన్ అనే ఆచార్యుడు దశాబ్దాలుగా టిప్పుల మీదే పరిశోధన చేశారు. సర్వీసు నాణ్యతకీ టిప్పు మొత్తానికీ ఉన్న సంబంధం చాలా పలచనిదని ఆయన పదేపదే చూపించారు. టేబుల్ పక్కన మోకాళ్ల మీద వంగి మాట్లాడితే టిప్పు పెరిగింది. అదే సర్వీసు ఇచ్చినా నల్లజాతి సర్వర్లకి తక్కువ వచ్చింది, అదీ ఆయన బృందం అధ్యయనంలోనే తేలింది. నా అనుభవమూ అంతే. టిప్పుని నిర్ణయించేది ముఖ్యంగా బిల్లు సైజు. కస్టమరుకి ఎంత శాతం అలవాటో అంత ఇస్తాడు. మీరు ప్రాణం పెట్టి చేసినా, మామూలుగా చేసినా పద్దెనిమిది ఇరవై అవ్వచ్చు, అంతకన్నా పెద్ద తేడా రాదు.

టెక్సస్‌లో నేను మేనేజరుగా ఉన్న రోజుల్లో ఒక శుక్రవారం రాత్రి ఆరుగురి టేబులు. అందులో ఒకాయన సర్వ్ చేస్తున్న అమ్మాయి చెయ్యి పట్టుకుని వదలకుండా మాట్లాడుతున్నాడు. నేను అటు వెళ్లబోతుంటే ఆ అమ్మాయే వంటగది తలుపు దగ్గర నన్ను ఆపి, "బిల్లు రెండు వందలు దాటింది, కార్డు గీకేదాకా ఆగండి సార్" అంది. ఆ వారం అద్దె కట్టాలి తను. నలభై డాలర్ల కోసం ఓర్చుకుంది. నేను ఆగలేదు, వెళ్లి టేబుల్ నేనే చూసుకున్నాను. వాళ్లు టిప్పు పెట్టకుండా వెళ్లారు. చెక్కులో పూర్తి జీతం పడేదైతే ఆ అమ్మాయి నన్ను ఆపాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఒక మనిషి కూలి ఇచ్చే అధికారం తాగి కూర్చున్న పరాయివాడి చేతిలో ఉండకూడదని నేను గట్టిగా అనుకునేది అందుకే.

అయితే మీవారు అన్నట్టు ఒక రెస్టారెంట్ తనంతట తానే టిప్పులు ఎత్తేస్తే సరిపోదా? ప్రయత్నించారు, నిలబడలేదు. న్యూయార్క్‌లో పేరున్న రెస్టారెంట్ల యజమాని డానీ మేయర్ 2015 అక్టోబరులో తన రెస్టారెంట్లలో టిప్పులు రద్దు చేస్తున్నానని, ఆ మేరకు మెనూ ధరలు పెంచి అందరికీ జీతంగా ఇస్తానని ప్రకటించారు. వంటింట్లో వాళ్లకీ హాల్లో వాళ్లకీ ఉన్న అంతరం తగ్గాలన్నది ఆయన ఉద్దేశం. మంచి మనసుతో చేసిందే. పాత సర్వర్లు చాలామంది టిప్పులున్న చోటికి వెళ్లిపోయారు. 2020 జులైలో టిప్పులు తిరిగి తెచ్చారు. జోస్ క్రాబ్ షాక్ అనే గొలుసు సంస్థ 2015లో 18 శాఖల్లో టిప్పు లేకుండా నడిపి చూసి, మరుసటి ఏడాదికే చాలా చోట్ల వెనక్కి తీసుకుంది. కస్టమర్లకీ నచ్చలేదు, సర్వర్లకీ నచ్చలేదు.

ఎందుకు నిలబడదో ఒక బిల్లు వేసి చూస్తే తెలుస్తుంది. నలుగురు తిన్న బిల్లు 80 డాలర్లు. డాలస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం, అంటే 6.60. 20 శాతం టిప్పు 16. మొత్తం 102.60. ఇప్పుడు టిప్పు తీసేసి ఆ 16 ధరలోనే కలిపితే బిల్లు 96, పన్ను 7.92, మొత్తం 103.92. మనసారా ఇచ్చిన టిప్పు మీద అమ్మకపు పన్ను లేదు, ధరలో కలిస్తే పడుతుంది. కస్టమరుకి పడ్డ భారం డాలరున్నర లోపే. కానీ కస్టమరు చూసేది మెనూ. మీ దగ్గర బిర్యానీ 18 ఉంటే పక్క సందులో 15. టిప్పు కలిపితే రెండూ ఒకటేనని లెక్కేసుకునే ఓపిక ఆకలి మీదున్నవాడికి ఉండదు, పక్క సందుకి వెళ్తాడు. ఇక సర్వర్ సంగతి. శుక్రవారం రాత్రి మంచి సెక్షన్ దొరికితే గంటకు 35, 40 డాలర్లు తెచ్చుకునే మనిషికి 25 డాలర్ల స్థిర జీతం అంటే కోతే. అతనూ పక్క సందుకే వెళ్తాడు. ఒంటరిగా మంచి చేయబోయిన ఓనరుకి కస్టమర్లూ పోతారు, పనివాళ్లూ పోతారు. అందుకే ఈ మార్పు ఒక్కో రెస్టారెంట్ మంచితనం మీద జరగదు. అందరికీ ఒకేసారి వర్తించే చట్టం కావాలి.

మీ తోటివాళ్ల భయాన్ని తీసిపారేయకండి. 2016లో మెయిన్ రాష్ట్రంలో ఓటర్లు టిప్ క్రెడిట్ రద్దుకి ఓటేశారు. సర్వర్లే గుంపుగా శాసనసభకి వెళ్లి వద్దన్నారు, 2017లో పాత పద్ధతి తిరిగొచ్చింది. 2024 నవంబరులో మసాచుసెట్స్ ఓటర్లు ఇలాంటి ప్రతిపాదననే భారీ తేడాతో తిరస్కరించారు. అక్కడా సర్వర్లు చాలామంది వ్యతిరేకంగా నిలబడ్డారు. జీతం పెరిగితే కస్టమర్లు టిప్పు మానేస్తారన్నది వాళ్ల భయం. ఖరీదైన చోట రాత్రి షిఫ్టు చేసేవాళ్ల విషయంలో ఆ భయంలో కొంత నిజముంది. కానీ దేశంలో సర్వర్లంటే వాళ్లే కాదు. పొద్దున్నే పాన్‌కేకులు పెట్టే చోట, హైవే పక్కన డైనర్లో, ఎనిమిది డాలర్ల ప్లేటు మీద వచ్చే టిప్పుతో బతికేవాళ్లే ఎక్కువ. వాళ్ల గొంతు ఈ చర్చల్లో వినపడదు, ఎందుకంటే శాసనసభ విచారణ జరిగే మధ్యాహ్నం వాళ్లు షిఫ్టులో ఉంటారు.

టిప్ క్రెడిట్ లేని రాష్ట్రాలు ఏడున్నాయి: కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఓరెగన్, నెవాడా, మిన్నెసోటా, మోంటానా, అలాస్కా. ఇవేవీ కొత్తగా చేసిన ప్రయోగాలు కావు. ఇక్కడ రెస్టారెంట్లు మూతపడిపోలేదు, టిప్పులూ ఆగిపోలేదు. సియాటిల్‌లో మా కార్డు మెషీన్ కూడా టిప్పు 18, 20, 22 శాతం అనే అడుగుతుంది, జనం నొక్కుతూనే ఉన్నారు. "మీకు ఇరవై దాటి జీతం వస్తోంది కదా, పదిహేను చాలు" అనే కస్టమర్లు కొందరు ఉన్నారు. ఉండనీండి. ఆ మాట అన్నరోజున మా సర్వర్ అద్దె ఆగదు.

ఖర్చు లేదని మాత్రం చెప్పను. జీతాల బిల్లు పెరిగితే ఓనరు ఏం చేస్తాడో చెప్తాను, నేనూ చేశాను కాబట్టి. గిరాకీ పలచబడగానే ఇద్దరు సర్వర్లలో ఒకరిని ముందే ఇంటికి పంపించాను. ప్లేట్లు తీసే కుర్రాళ్ల గంటలు తగ్గించాను. మధ్యాహ్నం కౌంటర్ దగ్గరే ఆర్డరు చెప్పే పద్ధతి పెట్టాను. దోశ ధర పెంచాను. చాలా రెస్టారెంట్లలో వందకి ఐదు డాలర్లు మిగిలితే గొప్ప, కాబట్టి ఈ సర్దుబాట్లు తప్పవు. అయితే ఇంకో మార్పు కూడా వచ్చింది. టెక్సస్‌లో ఖాళీ హాల్లో ఆరుగురు సర్వర్లని నిలబెట్టినా ఓనరుకి గంటకు 13 డాలర్లు కూడా పోదు, అందుకే ఎవరి సమయానికీ విలువుండదు. ఇక్కడ ప్రతి గంటకీ ధర ఉంది కాబట్టి షెడ్యూలు ఆలోచించి వేస్తాం, ఫోర్కులు చుట్టే పనికీ పూర్తి జీతమే కాబట్టి ఆ పనిని అనవసరంగా సాగదీయం.

తొందరపడితే ఏమవుతుందో దేశ రాజధాని వాషింగ్టన్ డీసీ చెప్తుంది. 2018లో ఓటర్లు ఒప్పుకున్న టిప్ క్రెడిట్ రద్దుని నగర కౌన్సిల్ అదే ఏడాది కొట్టేసింది. 2022లో మళ్లీ ఓటింగ్ పెడితే నూటికి 74 మంది సరే అన్నారు. 2023 నుంచి టిప్పు ఉద్యోగుల వేతనం మెట్లు మెట్లుగా పెరగడం మొదలైంది. చాలా రెస్టారెంట్లు బిల్లులో 20 శాతం దాకా సర్వీస్ చార్జి వేశాయి. అది ఎవరికెళ్తుందో కస్టమరుకి అర్థం కాలేదు, పైన టిప్పు ఇవ్వాలో లేదో తెలియలేదు, కోపం సర్వర్ మీద చూపించారు. 2025 జులైలో కౌన్సిల్ మళ్లీ అడ్డు కట్టింది. టిప్పు ఉద్యోగుల వేతనం 2034 నాటికి మామూలు కనీస వేతనంలో 75 శాతం దాకా వెళ్తే చాలంది. నేను దీన్నుంచి నేర్చుకున్నది ఒక్కటే: సర్వీస్ చార్జి మీద పట్టు లేకుండా టిప్ క్రెడిట్ ఒక్కటే తీసేస్తే జనం మద్దతు నిలవదు. వాషింగ్టన్ రాష్ట్రంలో సర్వీస్ చార్జి వేస్తే అందులో ఎంత శాతం సర్వ్ చేసినవాళ్లకి వెళ్తుందో మెనూ మీదా బిల్లు మీదా రాయాలని చట్టముంది. ఆ ఒక్క వాక్యం చాలా గొడవలు ఆపుతుంది.

సర్వీస్ చార్జి వేరు, టిప్పు వేరు అని మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఫెడరల్ చట్టం దృష్టిలో తప్పనిసరిగా వేసే చార్జి ఓనరు ఆదాయం, టిప్పు ఉద్యోగి సొత్తు. హైదరాబాద్‌లో బిల్లు కింద వేసే సర్వీస్ చార్జి కూడా టిప్పే అనుకుని వచ్చినవాళ్లు ఇక్కడ అదే ధోరణిలో ఉంటారు. ఇండియాలో అయితే దాన్ని తప్పనిసరి చేయకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది.

వంటింటి మాట చెప్పకపోతే ఈ జవాబు సగమే. తందూరు ముందు నిలబడి చేతి వెంట్రుకలు కాల్చుకునేవాడికీ, రాత్రి పన్నెండింటికి బిర్యానీ హండాలు తోమేవాడికీ టిప్పు లేదు. పండగ రోజు గిరాకీ రెట్టింపైతే సర్వర్ సంపాదన రెట్టింపవుతుంది, వాళ్లకి చెమట మాత్రమే రెట్టింపు. ఇక్కడ టిప్ క్రెడిట్ తీసేయడానికి నాకు అన్నిటికన్నా బలమైన కారణం దొరుకుతుంది. 2018లో ఫెడరల్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ఓనరు టిప్ క్రెడిట్ వాడుకోకుండా పూర్తి కనీస వేతనం ఇస్తే, టిప్పులని వంటవాళ్లతోనూ గిన్నెలు కడిగేవాళ్లతోనూ పంచుకునే ఏర్పాటు చేయొచ్చు. 2.13 ఇచ్చే చోట అలా బలవంతంగా పంచకూడదు. మా దగ్గర టిప్పులన్నీ కలిపి పంచే పూల్‌లో కిచెన్‌కి వాటా ఉంది. మొదట్లో సర్వర్లు గొణిగారు. ఆర్డరు వేగంగా బయటికి రావడం మొదలయ్యాక గొణుగుడు తగ్గింది.

2025లో వచ్చిన 'టిప్పుల మీద పన్ను లేదు' చట్టంతో సమస్య తీరిపోయిందనుకునేవాళ్లకి ఒక మాట. 2025 నుంచి 2028 దాకా ఏడాదికి 25,000 డాలర్ల టిప్పుల వరకు ఫెడరల్ ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. పెళ్లయినవాళ్లు ఉమ్మడిగా ఫైల్ చేస్తేనే వర్తిస్తుంది. మీ చెక్కులో కోత పడ్డ ఆ 78.63 మాత్రం యథాతథం, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌కి మినహాయింపు లేదు. తక్కువ సంపాదించే సర్వర్‌కి ఆదాయపు పన్నే పెద్దగా ఉండదు కాబట్టి దక్కేదీ తక్కువే. అదే మొత్తం జీతంగా తెచ్చుకునే వంటవాడికి ఏమీ లేదు. జీతం ఇవ్వాల్సినవాడిని వదిలేసి పన్ను ఖజానాలోంచి సర్దడం ఇది.

ఫ్రిస్కో, అర్వింగ్, ఎడిసన్ లాంటి చోట్ల మన తెలుగు రెస్టారెంట్లు నడిపేవాళ్లకీ, వాటిల్లో పనిచేసేవాళ్లకీ కూడా చెప్పాల్సింది ఉంది. టిప్పుల డబ్బాలోంచి ఓనరు గానీ మేనేజరు గానీ వాటా తీసుకోవడం 2018 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం ఖచ్చితంగా నిషిద్ధం. టిప్ క్రెడిట్ వాడుకున్నా, పూర్తి జీతం ఇచ్చినా సరే. మేనేజరు తానొక్కడే సర్వ్ చేసిన టేబుల్ మీద తనకి నేరుగా ఇచ్చింది మాత్రం ఉంచుకోవచ్చు. "మనవాడే కదా" అని, "అన్నా, మీకు తెలియదా" అని మొహమాటపెట్టి టిప్పుల్లో కోత పెట్టే చోట్లు ఉన్నాయి. పనివాడి దగ్గర సరైన కాగితాలు లేవన్న భయాన్ని వాడుకునే చోట్లు ఇంకా ఘోరం. ఇక కస్టమర్లుగా మనం: చట్టం మారేదాకా టెక్సస్‌లో టిప్పు ఎగ్గొట్టి "నేను ఈ పద్ధతికి వ్యతిరేకం" అంటే ఓనరుకి సెంటు నష్టం లేదు, 2.13 మనిషే నష్టపోతుంది. వ్యతిరేకమైతే ఓటు హక్కున్నవాళ్లు మీ రాష్ట్ర ప్రతినిధికి రాయండి, టేబుల్ మీద 20 శాతం పెట్టండి.

మీ తక్షణ పని ఇది. పే స్టబ్ (చెక్కుతో వచ్చే జీతం లెక్కల కాగితం) తీసి ఓవర్‌టైమ్ వరుస చూడండి. వారంలో 40 గంటలు దాటితే చాలామంది ఓనర్లు 2.13కి ఒకటిన్నర రెట్లు కట్టి 3.20 ఇస్తారు. అది తప్పు. 7.25కి ఒకటిన్నర రెట్లు కట్టి, అందులోంచి 5.12 తీసేయాలి. గంటకు 5.76 రావాలి. మీరు చేరినప్పుడు టిప్ క్రెడిట్ తీసుకుంటున్నామని ఓనరు మీకు ముందుగా చెప్పి ఉండాలి. చెప్పకపోతే ఆ వెసులుబాటే అతనికి లేదు, 7.25 పూర్తిగా ఇవ్వాలి. ప్రతి షిఫ్టుకీ గంటలు, టిప్పులు, ఎవరికి ఎంత పంచారో మీ ఫోన్లో రాసి పెట్టుకోండి. తేడా కనిపిస్తే ముందు ఓనరుని మర్యాదగా అడగండి. సరిచేయకపోతే కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి ఫోన్ చేయండి. డబ్బులు కట్టక్కర్లేదు, మీ పేరు బయటపెట్టరు, తెలుగులో మాట్లాడతానంటే దుబాసీని పెట్టమని అడగొచ్చు. రెండేళ్ల వెనకటి బకాయి దాకా రాబట్టుకోవచ్చు, తెలిసే ఎగ్గొట్టాడని తేలితే మూడేళ్లు.